గద్వాల చీర: రెండు పోగుల వస్త్రరచన

సమకాలీన వస్త్రరూపకల్పనలో ఊహాశక్తికి ఉదాహరణ అడిగినప్పుడు దూరదేశాల పేర్లు వెతకనవసరం లేదు. జోగులాంబ గద్వాల జిల్లాలోనూ, పక్కనే వనపర్తి జిల్లాలోని కొత్తకోట, అమరచింత ప్రాంతాల్లోనూ నేసే గద్వాల చీరయే అందుకు చాలు. దీని ఒడలు నూలు, అంచులూ కొంగూ పట్టు. నీటిలో తడిసినప్పుడు ఒక్కో తీరుగా ప్రవర్తించే ఈ రెండు పోగులను కుట్టు లేకుండా ఒకే మగ్గంపై కలపడమే ఇందులోని అసలు సమస్య.

అందుకు నేతకారులు కుప్పడం అనే పద్ధతిని అనుసరిస్తారు. పడుగు అంటే మగ్గంపై నిలువుగా సాగే పోగులు, పేక అంటే వాటికి అడ్డంగా నాడె మోసుకెళ్లే పోగు. రెండంచులకు రెండు, ఒడలికి ఒకటి చొప్పున మూడు నాడెలు నడుస్తుండగా, అంచు పేక ఒడలి పేకతో సరిహద్దు వద్ద కొక్కెంలా ముడిపడి వెనుదిరుగుతుంది. ఆ కలయిక గీతనే ఆలయ శిఖరాల వరుసగా మలిస్తే కోటకొమ్మ అంచు ఏర్పడుతుంది. అవసరాన్నే అలంకారంగా మార్చిన ఈ నేర్పు జరీ మెరుపుకన్నా గొప్పదనడం అతిశయోక్తి కాదు. కంచిలో కొర్వై అనే పేరుతో ఇటువంటి పద్ధతే ఉన్నా, అక్కడ ఒడలు కూడా సాధారణంగా పట్టే.

గద్వాల చీరకు 2010లో భౌగోళిక సూచిక, అనగా ఒక ప్రాంతానికే చెందిన వస్తువుకు 1999 నాటి చట్టం కింద లభించే గుర్తింపు, దక్కింది.