మెడ ఎముకకి అంటు కడితే

గ్రాఫ్ట్ అనే మాటకి మన దగ్గర ఎప్పటినుంచో ఒక మాట ఉంది: అంటు. అంటు మామిడి అంటాం కదా, అదే. డాక్టర్లు ఎముకకి కూడా అంటు కడతారు, ముఖ్యంగా మెడ ఆపరేషన్‌లో. ఆ ఎముక ఎక్కడిది, దాన్నే ఎందుకు ఎంచుకుంటారు అన్నది ఈసారి చూద్దాం.

మెడలో 7 వెన్నుపూసలు ఉంటాయి. రెండో పూస నుంచి కిందికి, పూసకీ పూసకీ మధ్య ఒక డిస్క్ ఉంటుంది. అది జారి నరాన్ని నొక్కితే చెయ్యి లాగుతుంది, తిమ్మిరెక్కుతుంది, పట్టు తగ్గుతుంది. చాలామందికి మందులతో, ఫిజియోథెరపీతో తగ్గిపోతుంది. తగ్గకపోతేనో, వెన్నుపాము నొక్కుకుపోతుంటేనో, మెడ ముందు వైపు నుంచి వెళ్ళి డిస్క్ తీసేస్తారు. ఆ ఖాళీలో ఎముక పెడితే పై పూస, కింది పూస కలిసి ఒకటే అవుతాయి. ఇదే ఫ్యూజన్. 1950లలో స్మిత్, రాబిన్సన్ కలిసి ఒక పద్ధతి, క్లోవర్డ్ ఇంకో పద్ధతి ప్రచురించారు.

ఇప్పుడు ఆ ఖాళీలో ఏం పెట్టాలి?

ఒకటి, పేషెంట్ సొంత ఎముక. తుంటి ఎముక పై అంచు నుంచి ముక్క కోస్తారు. ఇందులో మూడూ ఉంటాయి: బతికున్న కణాలు, ఎముక పెంచమని చెప్పే ప్రొటీన్లు, కొత్త ఎముక పాకడానికి పందిరి. చిక్కల్లా రెండో కోత. మెడ బాగయ్యాక కూడా తుంటి నొప్పి నెలల తరబడి ఉండిపోయేవాళ్ళున్నారు.

రెండు, చనిపోయిన దాత ఎముక. శుద్ధి చేసి ఎముకల బ్యాంకులో దాస్తారు. బతికున్న కణాలుండవు కాబట్టి కిడ్నీ మార్పిడిలో లాగా రోజూ మందులు వాడక్కర్లేదు. కానీ ఇది ముఖ్యంగా పందిరి మాత్రమే, అతుక్కోవడం నెమ్మది. జబ్బు అంటుకునే అవకాశం చాలా తక్కువ, సున్నా మాత్రం కాదు.

మూడు, కేజ్. పీక్ అనే ప్లాస్టిక్‌తోనో టైటానియంతోనో చేసిన చిన్న పెట్టె. లోపల ఎముక పొడి గానీ కాల్షియం ఫాస్ఫేట్ గానీ నింపుతారు. పూసల మధ్య ఎత్తు నిలబెడుతుంది, కానీ పెట్టె ఎముకగా మారదు.

నాలుగు, ఎముక పెంచే ప్రొటీన్, బీఎంపీ. దీనికి దారి చూపింది 1965లో మార్షల్ యూరిస్ట్ పరిశోధన. 2002లో అమెరికా ఎఫ్‌డీఏ దీన్ని నడుము ఫ్యూజన్‌కి అనుమతించింది. మెడలో వాడితే కొందరికి గొంతు వాచి ఊపిరాడని పరిస్థితి వచ్చింది. 2008లో అదే ఎఫ్‌డీఏ హెచ్చరిక జారీ చేసింది. బలమైన మందు అన్ని చోట్లా మంచి మందు కాదన్నమాట.

ఇక్కడే మామిడికీ ఎముకకీ తేడా. మామిడిలో మనం కట్టిన కొమ్మే చెట్టవుతుంది. ఎముకలో పెట్టిన ముక్క మెల్లమెల్లగా కరిగిపోతుంది, దాని చోట మన ఒంటి కణాలే కొత్త ఎముక కడతాయి. నెలలు పడుతుంది. ప్లేటు, స్క్రూలు అప్పటిదాకా కదలకుండా పట్టుకునేవి మాత్రమే. ఎముక అతక్కపోతే స్క్రూ వదులవ్వచ్చు, విరగనూ వచ్చు.

అందుకే ఏ ఎముక పెట్టారన్నది ఎంత ముఖ్యమో, ఏ ఒంట్లో పెట్టారన్నదీ అంతే ముఖ్యం. సిగరెట్, అదుపులో లేని షుగర్, బోలు ఎముకల జబ్బు, ఒకేసారి ఎక్కువ డిస్కులు తీయడం, ఇవన్నీ అతుకుని కష్టం చేస్తాయి.

ఇంట్లో ఎవరికైనా ఈ ఆపరేషన్ చెప్తే, సంతకం పెట్టే ముందు డాక్టర్‌ని మూడు అడగండి. ఏ ఎముక పెడుతున్నారు? మాకు అదే ఎందుకు? అతుక్కుందని ఎప్పుడు, ఎలా చూస్తారు? నాన్నగారో బాబాయో సిగరెట్ తాగుతారనుకోండి, ఆ సంగతి మొహమాటపడకుండా ముందే చెప్పేయండి. ఆయన తిట్టినా పర్లేదు.