కాలు నేలకి ఆనే బండి

విజయవాడ,
ఆటోనగర్.

అమ్మలూ,

చెన్నైలో మీ కంపెనీవాళ్ళు కొత్త అడ్వెంచర్ బండి మొదలుపెట్టారనీ, ఆ పనిలో నిన్నూ వేశారనీ అక్కయ్య చెప్పింది. ఆ సాయంత్రం షెడ్డులో పిల్లలందరికీ పూతరేకులు పంచాను. "ముప్పయ్యేళ్ళుగా బళ్ళు విప్పుతున్నావు కదా మావయ్యా, నీకైతే ఎలాంటి బండి కావాలి?" అని నువ్వు ఫోనులో అడిగావు. అలా తేలే మాట కాదని కాగితం పట్టుకున్నాను.

ముందు సీటు సంగతి తేల్చుకో తల్లీ. పాత హిమాలయన్ 411 సీటు ఎత్తు 800 మిల్లీమీటర్లు. తర్వాతొచ్చిన 450 ది 825. 2020లో మన దగ్గరికొచ్చిన కేటీఎం 390 అడ్వెంచర్‌ది 855. మీ కంప్యూటరు మీద అది వేలెడు తేడా. నాగాయలంక వైపు కరకట్ట మీద నిలబడి చూడు. ఎదురుగా వరిగడ్డి వేసుకుని ట్రాక్టరు వస్తుంది. నువ్వు అంచుకి జరిగి బండి ఆపాలి. కట్ట అంచు వాలుగా ఉంటుంది కాబట్టి కాలు దించిన చోట నేల ఇంకో జానెడు కిందికి పోయి ఉంటుంది. మునివేళ్ళు ఆనితే సరిపోదు, మడమ ఆనాలి. ఆనకపోతే బండీ మనిషీ కలిసి కట్ట కిందే. అలా పడ్డ బళ్ళు నా దగ్గరికి ఎన్నొచ్చాయో లెక్క లేదు. వాటిలో వేగంగా పోతూ పడ్డవి తక్కువ, ఆపబోయి పడ్డవే ఎక్కువ.

సీటు తగ్గించమంటే నేలకీ ఇంజనుకీ మధ్య ఎత్తు తగ్గుతుందని మీవాళ్ళు అంటారు. నిజమే. కానీ టాంకు దగ్గర సీటు ఎంత వెడల్పుందో కొలవమను. అక్కడ సన్నగా చెక్కితే అదే ఎత్తులో కాలు తిన్నగా కిందికి దిగుతుంది. నువ్వు ఐదడుగుల రెండంగుళాలు. నువ్వు గీసిన బండి నువ్వే ఎక్కలేకపోతే అదెవరి కోసం? బరువు కూడా 170 కిలోలు దాటనివ్వకు. 200 కిలోల బండి బురదలో పడితే ఒక్క మనిషి లేపడం ఎంత కష్టమో నా నడుముకి తెలుసు.

బురద అన్నాను కదా, ఒకసారి హంసలదీవి నుంచి కోడూరు వస్తున్నాను. వాన వెలిసింది, మట్టి రోడ్డు. నల్లమట్టి ముందు టైరుకి అంటుకుని మడ్‌గార్డు కిందకి చేరడం మొదలైంది. అర కిలోమీటరు పోయేసరికి చక్రం తిరగడం మానేసింది. ఇంజను లాగుతోంది, ముందు చక్రం ఆగిపోయి పడవలా జారుతోంది. తుమ్మపుల్ల విరుచుకుని ఆ సందులో పొడుస్తూ గంటసేపు కూర్చున్నాను. తీసిన మట్టి తాపీవాడు కలిపిన ముద్దలా ఉంది. అందుకని మడ్‌గార్డు టైరుకి నాలుగు వేళ్ళ ఎత్తులో ఉండాలి, లేకపోతే రెండు బోల్టులు తీస్తే ఊడొచ్చేయాలి. ఆ బోల్టులకీ, అద్దాలకీ, లివర్లకీ ఒకటే పానా సరిపడేలా చూడు. ఆ పానా సీటు కింద ఉండాలి.

ఇక నీళ్ళు. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ మునిగింది. అదే రోజుల్లో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చాయి, ఎప్పుడూ ఎరగనంత వరద. బళ్ళు రోజుల తరబడి నీళ్ళలో నిలబడిపోయాయి. తర్వాత వాటిని తోసుకుంటూ షెడ్డుకి తెచ్చారు. ఇంజనాయిలు తీస్తే పాలు కలిపిన టీలా కారింది. కొందరు ఆత్రంగా సెల్ఫు కొట్టారు. సిలిండరులో ఉన్న నీళ్ళు నలగవు కదా, కనెక్టింగ్ రాడ్డు వంగిపోయింది. అంతకుముందే ప్లగ్గు విప్పి నీళ్ళు బయటికి తోసుంటే ఆ ఇంజన్లు బతికేవి. నువ్వు గాలి పీల్చే గొట్టం టాంకు కింద పైకంటా పెట్టించు. వైర్ల జాయింట్లు, ఈసీయూ ఎత్తులో ఉండాలి. ప్లగ్గు తీయడానికి టాంకు దించాల్సిన పని ఉండకూడదు. ఈ ఒక్కటీ సాధిస్తే మిగతావి నీకు వదిలేస్తాను.

వదిలేస్తానన్నాను గానీ ఇంకో రెండు మూడున్నాయి. ముందు చక్రం 21 అంగుళాలే ఉంచండి, గుంటలో దిగబడకుండా దొర్లిపోతుంది. పుల్లల చక్రమైనా ట్యూబ్‌లెస్ చేయండి. తుమ్మముల్లు దిగితే పీకి, పట్టీ దోపి పది నిమిషాల్లో బయల్దేరొచ్చు. వెనక చక్రానికి ఏబీఎస్ ఆపే మీట వేలికి తగిలే బటనుగా ఉండాలి, తెర మీద వెతుక్కునేదిగా కాదు. బురద చేతులతో తెర పని చేయదు. మే నెలలో బెంజి సర్కిల్ దగ్గర ఆగితే రేడియేటరు ఫ్యాను గాలి మోకాళ్ళకి కొట్టకూడదు.

పన్ను సంగతి మీ పెద్దలకి తెలిసే ఉంటుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాకా జీఎస్టీ 18 శాతం, దాటితే 40. 350 లోపే ఆపమను. రెండో గేరులో మనిషి నడిచే వేగంతో క్లచ్చు కాలకుండా లాగితే మన కట్టలకి ఆ ఇంజను చాలు.

వెనక సీటు మరచిపోకు. మీ అమ్మ చీర కట్టుకుని ఎక్కాలి. ఎక్కేటప్పుడు పట్టుకోవడానికి కడ్డీ, కాలు పెట్టడానికి మెట్టు కావాలి.

ఈ ఉత్తరంతోపాటు పార్సిల్లో ఎయిర్ ఫిల్టర్ డబ్బా ఒకటి వస్తుంది. వరద తర్వాత నేను విప్పినవాటిలో ఒకటి. కడగలేదు, లోపల బుడమేరు ఒండ్రు ఎంత ఎత్తుకి చేరిందో గీతలా కనపడుతుంది. మీ మీటింగు రోజున బల్ల మీద పెట్టు.

మీ మావయ్య