సమష్టి సింహావలోకనము

ఒక కార్యము ముగిసిన పిదప దానిని నిర్వహించినవారందరు కలిసి కూర్చుండి, జరిగినదానిని పరిశీలించుకొని, రాబోవు కార్యమును మరింత చక్కగా నడపుటకు మార్గము నిర్ణయించుకొనుట సమష్టి సింహావలోకనము. సింహము నడచుచు వెనుదిరిగి చూచును. ఆ చూపు ఆగిపోవుటకు గాదు, ముందునకు సాగుటకే.

ఈ పద్ధతి శరణులకు క్రొత్త కాదు. 12వ శతాబ్దమున కల్యాణ నగరమందలి అనుభవమంటపమున అల్లమప్రభువు శూన్యసింహాసనము నధిష్ఠింపగా, మంత్రియైన బసవేశ్వరుడును, పడవ నడపు అంబిగర చౌడయ్యయు, బట్టలుతుకు మడివాళ మాచయ్యయు సమానులై కూర్చుండిరి. అచట పదవి ప్రమాణము గాదు, ఆచరణమే ప్రమాణము.

రాలిన బియ్యము నేరి జంగమదాసోహము చేయు ఆయ్దక్కి మారయ్య ఒకనాడు అవసరమునకు మించి తెచ్చెను. భార్యయైన లక్కమ్మ అధికమైన బియ్యమును తిరిగి యిచ్చి రమ్మనెను. దోషము బయటపడిన దినముననే దిద్దుబాటు జరిగినది.

మరుళశంకరదేవుని కథ వేరొక పాఠము. ఆయన బసవేశ్వరుని మహామనెయందు పన్నెండేండ్లు ఎవరి గుర్తింపునకును రాక సేవించెను. అల్లమప్రభువు చూపించినపుడు గాని ఆ మహనీయుడు బయటపడలేదు. బసవన్నయంతటి వాని యింటనే యిట్లు జరిగినపుడు, మన సంఘములలో మౌనముగా పనిచేయువారి మాట వినబడకపోవుట వింతగాదు.

ఆధునికులును ఈ యావశ్యకతను గుర్తించిరి. 2001లో అమెరికాలోని యూటా రాష్ట్రమున సమావేశమైన 17 మంది కంప్యూటరు నిపుణులు వెలువరించిన ఎజైల్ సూత్రములు 12. పనిచేయు బృందము నియతకాలములందు తన్ను తాను పరిశీలించుకొని పద్ధతులు మార్చుకొనవలెనని అందు కడపటి సూత్రము. ఆ కాలమందలి నాటి తెలివికిని సాధనములకును తగినట్లు ప్రతివారును శక్తివంచన లేక పనిచేసిరని నమ్మి గోష్ఠి ప్రారంభింపవలెనని నార్మన్ కెర్త్ అను నిపుణుడు బోధించెను.

బసవజయంతి దాసోహమున అన్నము చాలలేదనుకొందము. "ఎవరు తక్కువ వండిరి?" అని యడిగినచో వంటవాడు తలవంచుకొనును, మరుసటి యేడు రాడు. "వచ్చువారి సంఖ్య వంటశాలకు ఎప్పుడు తెలిసెను?" అని యడిగినచో కారణము తెలియును. మొదటి ప్రశ్న మనిషిని పోగొట్టును. రెండవది లోపమును పోగొట్టును.

గోష్ఠిని ఐదు మెట్లుగా నడపవచ్చును.

1. నిర్భయముగా మాటాడు వాతావరణము కల్పించుట. పెద్దలు చివర మాటాడుట మేలు.
2. జరిగినదానిని వరుసగా, అభిప్రాయము కలుపక చెప్పుకొనుట. బాగుగా జరిగినవానిని గూడ చెప్పవలెను.
3. కారణములు వెదకుట.
4. ఒకటి రెండు మార్పులను మాత్రమే నిర్ణయించి, బాధ్యుని పేరును, గడువును వ్రాసికొనుట. పది తీర్మానములు చేసినచో ఒకటియు నెరవేరదు.
5. సేవచేసినవారికి కృతజ్ఞత తెలిపి ముగించుట.

తరువాతి గోష్ఠి ఆ వ్రాతను చదువుటతోనే ప్రారంభము కావలెను. లేనిచో పరిశీలనము కేవలము సంభాషణమై మిగులును.

ఇచట ఒక హెచ్చరిక యవసరము. దాసోహధనమును బుద్ధిపూర్వకముగా అపహరించుట వంటివి ఈ గోష్ఠికి తగిన విషయములు గావు. వానికి లెక్కల తనిఖీ వేరుగా జరుగవలెను. తెలియక జరిగిన లోపమును, తెలిసి చేసిన ద్రోహమును ఒకే త్రాసున తూచరాదు.

కాయకమే కైలాసమని నమ్మువారికి ఆ కాయకమును ఏటేట శుభ్రపరచుకొనుటయు ధర్మమే.

మననము చేయదగిన ప్రశ్నలు:

1. గత ఉత్సవమున మన సంఘము చేసిన నిర్ణయములలో నెరవేరినవి యెన్ని?
2. మన గోష్ఠులలో ఇంతవరకు నోరు విప్పనివారెవరు? వారిని అడిగినవారెవరు?