ఒక గది – అయిదు తరగతులు

మన గ్రామములందలి ప్రాథమిక పాఠశాలలు అనేకము ఒకరిద్దరు ఉపాధ్యాయులతోనే నడచుచున్నవి. ఒకటవ తరగతి మొదలు అయిదవ తరగతి వరకు గల పిల్లలందరును ఒకే గదిలోనో, ఒక గదిలోను దాని ముందరి వసారాలోను కూర్చుండి చదువుకొనుచున్నారు. పంచాయతీ సభ్యులకు ఇది క్రొత్త దృశ్యము కాదు. అయితే ఆ గదిలో ఒక పిల్లవాని దినము ఎట్లు గడచుచున్నదో లెక్క వేసి చూచినవారు అరుదు. ఈ వ్యాసమున ముందుగా ఆ లెక్కను చూతము. పిమ్మట దానిని సరిదిద్దుటకు ఉపయోగపడు ఒక బోధన పద్ధతిని, అందు పంచాయతీ చేయదగిన సాయమును వివరింతుము.

కాలపు లెక్క

2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము ప్రకారము ఒకటి నుండి అయిదు వరకు గల తరగతులకు ఏటా 200 పనిదినములు, 800 బోధన గంటలు ఉండవలెను. అనగా దినమునకు సగటున 4 గంటలు. అయిదు తరగతులకు ఒకే ఉపాధ్యాయుడు ఉండి, ఒక్కొక్క తరగతికి విడివిడిగా పాఠము చెప్పినచో, ఏడాదిలో ఒక తరగతికి దక్కునది 160 గంటలు మాత్రమే. మిగిలిన 640 గంటలు చూచివ్రాతతోనో, ఎక్కములు వల్లించుటతోనో, ఊరక కూర్చుండుటతోనో గడచును. అయిదేండ్లను కలిపి చూచినచో 4,000 గంటలలో ఉపాధ్యాయుని బోధన 800 గంటలు. అయిదేండ్లు తప్పక బడికి పోయిన బాలికకు అందినది ఒక్క యేటి చదువు. ఉపాధ్యాయులు ఇద్దరున్నచో రెండేండ్ల చదువు.

అయిదవ తరగతి ముగించియు మూడు వాక్యములు ధారాళముగా చదువలేని పిల్లవానిని చూచినపుడు “వీనికి చదువు అబ్బలేదు” అని మనము సులభముగా అనివేయుదుము. తల్లిదండ్రులును అట్లే తలచి వానిని బడి మాన్పించుట కలదు. చదువు అబ్బకపోవుట వేరు, చదువు అందకపోవుట వేరు. పై లెక్క చూచిన పిమ్మట ఆ మాట అనుటకు మనకు నోరు రాకూడదు.

ప్రాథమిక పాఠశాలలో 60 మంది పిల్లల వరకు ఇద్దరు ఉపాధ్యాయులు, 61 మొదలు 90 వరకు ముగ్గురు ఉండవలెనని అదే చట్టము నిర్ణయించినది. ఆ సంఖ్యకు తక్కువ ఉన్నచో పంచాయతీ అడుగవలసినదే. కాని ఇద్దరున్నను తరగతులు అయిదే. కావున పిల్లలు ఊరక కూర్చుండు కాలమును నేర్చుకొను కాలముగా మార్చుట ఎట్లు అన్నదే అసలు ప్రశ్న.

అభ్యాస స్థానములు

గదిలో నాలుగైదు చోట్లను నాలుగైదు విధములైన పనులకు ఏర్పరచి, పిల్లలను చిన్న జట్లుగా చేసి, ఒక చోటి నుండి మరొక చోటికి వంతులవారీగా పంపుటయే ఈ పద్ధతి. ఆ చోట్లనే అభ్యాస స్థానములందురు. ఉపాధ్యాయుడు పాఠము చెప్పుట మానడు. అందరికి ఒకేసారి చెప్పుటకు బదులు ఒక్కొక్క జట్టుకు దగ్గర కూర్చుండి చెప్పును.

ఒక ఉదాహరణము తీసికొందము. మూడు, నాలుగు, అయిదు తరగతుల పిల్లలు 24 మంది ఒక ఉపాధ్యాయురాలి వద్ద ఉన్నారనుకొందము. ఆమె వారిని ఆరుగురేసి చొప్పున నాలుగు జట్లు చేయును.

మొదటిది ఉపాధ్యాయురాలి చాప. ఇచ్చట ఆమె క్రొత్త పాఠము చెప్పి, ప్రతి పిల్లవానిచేతను చదివించును. రెండవది లెక్కల చోటు. పదేసి చొప్పున కట్టలు కట్టిన ఈనెపుల్లలు, చింతపిక్కలు, త్రాసు, కొలత టేపు ఇచ్చట ఉండును. మూడవది వ్రాత చోటు. గోడ క్రిందిభాగమున పిల్లల చేతికందు ఎత్తులో నల్లరంగు పూసి, ఒక్కొక్కరికి ఒక్కొక్క భాగము కేటాయింతురు. నాలుగవది పఠన చోటు. త్రాటికి వ్రేలాడదీసిన కథల పుస్తకములను ఇద్దరిద్దరు కలిసి చదువుదురు. 25 నిమిషములకొకసారి గంట కొట్టగనే జట్లు చోట్లు మారును. 100 నిమిషములలో ప్రతి జట్టును నాలుగు చోట్లను చూచి వచ్చును.

పాత పద్ధతిలో ఈ 100 నిమిషములను మూడు తరగతులకు పంచినచో ఒక్కొక్క తరగతికి 33 నిమిషముల బోధన దొరికెడిది. 67 నిమిషములు వ్యర్థమయ్యెడివి. క్రొత్త పద్ధతిలో ఉపాధ్యాయురాలి యెదుట గడచునది 25 నిమిషములే. ఈ తగ్గుదలను దాచవలసిన పని లేదు. అయితే ఎనిమిది మందికి బదులు ఆరుగురే ఆమె యెదుట ఉన్నారు. మిగిలిన 75 నిమిషములును చేతిలో పనితో గడచినవి. లాభమంతయు అందులోనే కలదు.

ఇందు రెండు నియమములు ముఖ్యము. ఉపాధ్యాయురాలు లేని చోట్ల పెట్టు పని, పిల్లలకు ఇదివరకే నేర్పిన విషయమునకు అభ్యాసముగా ఉండవలెను. క్రొత్త అక్షరము, క్రొత్త లెక్క ఆమె చాప మీదనే నేర్వవలెను. రెండవది, తప్పొప్పులను పిల్లలే చూచుకొనుటకు వీలుండవలెను. లెక్క వ్రాసిన అట్ట వెనుక జవాబు వ్రాసియుంచుట ఇందుకు సులభమైన ఉపాయము.

చదువుట నేర్పునపుడు తరగతిని బట్టి గాక, ఎవరు ఎంతవరకు చదువగలరో దానిని బట్టి జట్లు కట్టవలెను. అక్షరములు రాని అయిదవ తరగతి బాలుడు అక్షరముల జట్టులోనే మొదలు పెట్టవలెను. అయితే ఆ జట్టు శాశ్వతము కారాదు. కొన్ని వారములకొకసారి పరీక్షించి జట్లను మార్చనిచో అది “మొద్దుల జట్టు” అను పేరు పడి, ఆ పేరే పిల్లవానిని క్రుంగదీయును.

జట్టుపని యనగా

నలుగురిని గుండ్రముగా కూర్చుండబెట్టినంత మాత్రమున జట్టుపని కాదు. చురుకైన ఒక్కరు పని చేయుట, తక్కినవారు చూచివ్రాసుకొనుట అనునదే తరచు జరుగును. ప్రతివాని భాగము లేనిదే పని పూర్తి కాకుండునట్లు పాఠమును అమర్చవలెను.

“మన ఊరి చెరువు” అను పాఠమును తీసికొందము. నలుగురున్న జట్టులో ఒకరు తూమును గురించి, ఒకరు అలుగును గురించి, ఒకరు కట్టను గురించి, ఒకరు ఆయకట్టును గురించి తెలిసికొని రావలెను. తూము విషయము పడినవారు జట్లన్నిటి నుండి వచ్చి ఒకచోట చేరి మాటలాడుకొందురు. నీరు వదలు మనిషిని అడిగి తెలిసికొందురు. పిమ్మట ఎవరి జట్టుకు వారు తిరిగి పోయి తక్కిన ముగ్గురికి బోధింతురు. చివర ఉపాధ్యాయుడు నాలుగు విషయములను గురించియు అందరిని ప్రశ్నించును. కట్టను గురించి తెలిసికొని వచ్చిన బాలికయే అలుగు ఎందుకున్నదో చెప్పవలసి వచ్చును. కావున ఒకరు చెప్పునపుడు మిగిలినవారు చెవియొగ్గి వినక తప్పదు.

ఈ విధానమును అమెరికాలోని టెక్సస్ రాష్ట్రమున ఆస్టిన్ నగర పాఠశాలలలో 1971వ సంవత్సరమున ఎలియట్ ఆరన్‌సన్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ప్రవేశపెట్టెను. అంతవరకు వేర్వేరు బడులలో చదివిన తెల్లవారి పిల్లలు, నల్లవారి పిల్లలు, మెక్సికో సంతతి పిల్లలు అప్పుడే ఒకే తరగతిలో చేరిరి. వారి నడుమ వైరము ప్రబలియుండెను. ఒకరికి తెలిసినది మరియొకరికి అవసరమగునట్లు పాఠమును పంచుట ఆయన చేసిన యుక్తి. మన గ్రామములలో ఏ వాడ పిల్లలు ఆ వాడ వారితోనే కూర్చుండు అలవాటు ఇంకను ఉన్నచోట దీని విలువ వేరుగ చెప్పనక్కరలేదు. జట్లను ఉపాధ్యాయుడే కట్టవలెను. అన్ని వాడల పిల్లలును, బాలురును బాలికలును ఒకే చాప మీద ఉండవలెను. ఎవరైన పెద్దలు దీనికి అభ్యంతరము చెప్పినచో ఉపాధ్యాయునికి అండగా నిలువవలసినది పంచాయతీయే.

మన ప్రాంతపు అనుభవము

ఇది మనకు పరాయి పద్ధతి కాదు. 1980వ దశకమున బ్రిటిష్ ప్రభుత్వ సహాయముతో ఆరంభమైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకమును ఉపాధ్యాయులు ‘అపెప్’ అని వ్యవహరించిరి. చేయుచు నేర్చుకొనుట, వ్యక్తిగతముగను జట్లుగను తరగతి మొత్తముగను పని చేయుట, పిల్లల నడుమ గల భేదములను గమనించుట, స్థానిక పరిసరములను వాడుకొనుట, పిల్లలు చేసిన పనులను గదిలో ప్రదర్శించుట మున్నగునవి దాని సూత్రములు.

మదనపల్లె సమీపమునగల రిషివ్యాలీ విద్యాకేంద్రము వారు చుట్టుపట్ల పల్లెలలో చిన్న బడులు నెలకొల్పి, పాఠ్యపుస్తకములోని విషయమును చిన్న చిన్న అట్టలుగా విభజించిరి. ఒక్కొక్క అట్టపై ఒక బొమ్మ గుర్తుండును. ఏ అట్ట తరువాత ఏ అట్టయో చూపు ‘నిచ్చెన’ పటము గోడపై నుండును. పిల్లవాడు తాను ఎక్కిన మెట్టును తానే గుర్తించి తరువాతి అట్టను తీసికొనును. కొందరు ఉపాధ్యాయుని పూర్తి సాయముతో, కొందరు తోటివారి సాయముతో, కొందరు తమంతట తాము పని చేయుదురు. కోతల కాలమున పది దినములు బడి మానిన పిల్లవాడు తిరిగి వచ్చినపుడు తాను విడిచిన మెట్టు నుండియే మొదలు పెట్టును. తరగతి తనను విడిచి ముందుకు పోయినదను భయము వానికి ఉండదు. పల్లెటూరి బడికి ఇంతకంటె అనుకూలమైన ఏర్పాటు అరుదు.

ఈ బడులను చూచి వచ్చిన ఉపాధ్యాయులు 1995లో కర్ణాటకములోని మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటె తాలూకాలో ‘నలి కలి’ అను పేర ఇట్టి బోధనను ఆరంభించిరి. చెన్నై నగర పాలక సంస్థ పాఠశాలలలో 2003లో మొదలైన ఇట్టి ప్రయత్నము కొలది యేండ్లలో తమిళనాడు అంతటికిని వ్యాపించినది. తరువాత అచ్చట పద్ధతులు మారినను మూలసూత్రము ఎల్లెడల పరిచితమైనది.

ఎక్కడ చెడును?

పద్ధతి మంచిదైనను పాడగుటకు మార్గములు అనేకము కలవు. నలిగిపోవునను భయముతో అట్టలను, పుస్తకములను బీరువాలో పెట్టి తాళము వేయుట మొదటిది. పోయిన అట్టలకు బదులు క్రొత్తవి రాకపోవుట రెండవది. శిక్షణ పొందిన ఉపాధ్యాయుడు బదిలీయై, వచ్చినవారికి ఈ విధానము తెలియకపోవుట మూడవది. “బడిలో ఆటలే గాని చదువు లేదు” అని పెద్దలు ఆక్షేపించుట నాలుగవది. ఉపాధ్యాయుడే చాప విడిచి, జట్లకు పని అప్పగించి కుర్చీలో కూర్చుండుట అయిదవది. ఈ చివరి దానిని ఏ పద్ధతియు రక్షింపజాలదు.

పంచాయతీ చేయదగిన పనులు

రాజ్యాంగము పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో ప్రాథమిక విద్య కలదు. విద్యాహక్కు చట్టము ప్రకారము పాఠశాల యాజమాన్య కమిటీలో స్థానిక సంస్థ ప్రతినిధులకు స్థానమున్నది. నాలుగింట మూడు వంతుల సభ్యులు తల్లిదండ్రులు, సగము మంది స్త్రీలు ఉండవలెను. కావున బడిని గురించి అడుగుటకు మనకు హక్కు కలదు. అడుగుటకు ముందు ఈ క్రింది పనులు చేసినచో ఆ అడుగుటకు విలువ కలుగును.

1. గది నేల చదునుగా ఉండునట్లు చూడవలెను. గుంటలు పడిన నేలపై జట్లు కూర్చుండజాలవు. జట్టుకొక చాప సమకూర్చవలెను.

2. గోడ క్రిందిభాగమున నల్లరంగు పూయింపవలెను. నేల నుండి మూడడుగుల ఎత్తు చాలును.

3. తాళము లేని అరలను వడ్రంగిచే చేయింపవలెను. పుస్తకములు నలుగుట నష్టము కాదని, చదివినందున నలిగినవని ఉపాధ్యాయునికి ధైర్యము చెప్పవలెను.

4. గ్రామ పటమును, చెరువు వివరములను, వర్షపాతపు లెక్కలను పంచాయతీ కార్యాలయము నుండి బడికి నకలు ఇయ్యవలెను. పిల్లల లెక్కలకు ఇంతకంటె మంచి సామగ్రి లేదు.

5. కుమ్మరి, నేతగాడు, నీరు వదలు మనిషి, ఆరోగ్య కార్యకర్త మున్నగువారిని అప్పుడప్పుడు ఒక గంట బడికి పిలిపింపవలెను.

6. బడి వేళలో ఉపాధ్యాయుని ఇతర పనులకు, సభలకు పిలువరాదు. ఆయన లేచి వచ్చిన గంట పిల్లలది.

చివరగా, బడిని చూడబోవునపుడు ఒక జాగ్రత్త. నిశ్శబ్దమే మంచి బడికి గుర్తు అను భావమును గుమ్మము వద్దనే విడువవలెను. పని జరుగు గదిలో మాట వినిపించును. అయిదు నిమిషములు ఒక ప్రక్కన నిలిచి, చేతిలో పని లేని పిల్లలు ఎందరో లెక్కింపుడు. పిమ్మట ఒక పిల్లను “ఏమి చేయుచున్నావమ్మా? ఎందుకు చేయుచున్నావు? దీని తరువాత ఏమి చేయుదువు?” అని మెల్లగ అడుగుడు. ఏదైన ఒక పుట తెరచి చదివి వినిపింపుమనుడు. పరీక్షాధికారివలె గద్దింపవలదు. ఈ లెక్కను ఈ నెలలో ఒకసారి, మూడు నెలలకు మరొకసారి వ్రాసిపెట్టుకొని యాజమాన్య కమిటీ సమావేశమున ఉపాధ్యాయునితో కలిసి పరిశీలింపుడు. పని లేక కూర్చున్న పిల్లల సంఖ్య తగ్గినచో, చదువగల పిల్లల సంఖ్య పెరిగినచో బడి సరియైన దారిలో ఉన్నది. లేనిచో ఏమి కొరత యున్నదో ఆ సమావేశములోనే తేల్చుకొనవలెను. ఏడాది గడచిన పిమ్మట విచారించిన లాభము లేదు. ఆ పిల్లవానికి ఆ యేడు తిరిగి రాదు.