పండుగ వంటలో పాకం

ఉగాది వస్తున్నదంటే మా సింహాద్రిపురం వైపు ఇళ్ళలో పంచాంగ శ్రవణం కంటె ముందుగా వినబడేది శనగపప్పు చెరిగే చప్పుడు. నల్లరేగడి చేలలో పండిన శనగ మాఘమాసం నాటికి ఇంటికి చేరుతుంది. చైత్ర శుద్ధ పాడ్యమి నాడు ఆ పప్పుతో భక్ష్యాలు చేసి, వేపపూత పచ్చడితోపాటు స్వామికి నివేదించి, పప్పు వార్చిన నీళ్ళతో కట్టుచారు కాచుకోవడం మా ప్రాంతపు ఆచారం. ఈ నెల పాఠానికి గ్రంథాన్ని కాక ఆ భక్ష్యాన్నే తీసుకుంటున్నాను. భక్తమహాశయులు మన్నింతురు గాక.

సంస్కృతంలో ‘పచ్’ ధాతువు నుండి పాకశబ్దం పుట్టినది. వండడమూ పాకమే, వండిన పదార్థమూ పాకమే. మన తెలుగులో పొయ్యి మీద బెల్లం కరిగి ముదిరితే అదీ పాకమే. ఆయుర్వేదంలో తైలాలు కాచేటప్పుడు మృదుపాకం, మధ్యమపాకం, ఖరపాకం అని మూడు దశలు చెప్పారు. ఆలంకారికులు కవిత్వానికి సైతం ద్రాక్షాపాకం, నారికేళపాకం అని పేర్లు పెట్టారు. ద్రవ్యాలు ఏవి, ఎంత అన్నది ఒక సంగతి. అవి పక్వమైన క్షణాన్ని గుర్తించడం వేరొక సంగతి. మొదటిదానిని వ్రాసి ఉంచవచ్చు, రెండవదానిని ప్రక్కన నిలబెట్టి చూపవలసినదే.

దేవాలయాలలో మొదటిదానికి గట్టి ఏర్పాటు ఉన్నది. తిరుమలలో ప్రసాదానికి ఏ సరుకు ఎంత అన్న లెక్కను ‘దిట్టం’ అంటారు. అక్కడి శాసనాలలో ఎందరో దాతలు తాము ఏర్పరచిన నైవేద్యాలకు బియ్యం, నెయ్యి, పెసరపప్పు, బెల్లం ఎంతెంత వాడాలో రాతిపై చెక్కించారు. దేవస్థానంవారు ఆ శాసనాలను 1930ల దశకంలో సంపుటాలుగా ప్రకటించారు. ఐదు వందల ఏళ్ళ నాటి దాత సంకల్పాన్ని మనము నేటికీ చదువుకొనగలుగుతున్నాము. అయినా దిట్టం ఎంత గట్టిదైనా, పాకం పొయ్యి మీద ఉన్నప్పుడు కనిపెట్టి చూడవలసినది మనిషే.

ఈ మాట నాకు ఆలస్యంగా తెలిసినది.

మా అమ్మగారికి చూపు మందగించిన రోజులలో ఆమె చేత భక్ష్యాల విధానమంతా చెప్పించి నోటుపుస్తకంలో వ్రాసుకున్నాను. వ్యాకరణం చదివినవాడిని కనుక సూత్రాలవలె క్లుప్తంగా వ్రాశాను, అందుకు కొంత గర్వపడ్డాను కూడా. శేరు పప్పుకు శేరు బెల్లం. నీళ్ళు పప్పుపై నాలుగు వ్రేళ్ళు. ఉడుకు అరగంట. ఏలకులు పది. అమ్మగారు పోయి, సంవత్సరీకం గడిచిన తరువాత వచ్చిన తొలి ఉగాదికి నా ధర్మపత్ని ఆ పుస్తకం ముందు పెట్టుకుని వంటకు దిగినది. పప్పు ముద్దయిపోయి నీళ్ళు వార్చడానికి వీలు లేకపోయినది. బెల్లం వేసేసరికి పూర్ణం జావయినది. పెనం మీద భక్ష్యాలు చిరిగి, పూర్ణం కారి మాడినది. ఆ పూట స్వామికి అరటిపండ్లు, బెల్లం ముక్క నివేదించి ఊరుకున్నాము. నన్నెవరూ ఒక్క మాట అనలేదు. ఆమె మాత్రం పుస్తకం మూసి అటక మీద పెట్టినది.

మరుసటి ఏడు జమ్మలమడుగు నుండి మా మేనత్త వచ్చి తప్పు చెప్పినది. నేను వ్రాసుకున్న ఏడు పంట పోయి, అంగడిలో కొన్న పాతపప్పు వండారు. పాతపప్పు ఉడకడానికి పట్టినంత సేపు కొత్తపప్పుకు అక్కరలేదు. గడియారం కాదు, వ్రేళ్ళ మధ్య పలుకు నలగడం గుర్తు. నలుగుతూ కూడా విడివిడిగా ఉండగానే వార్చాలి. ఉడకకముందే బెల్లం వేస్తే పప్పు ఇక మెత్తబడదు. బెల్లం వేయగానే పలుచనవుతుంది, భయపడి దించరాదు. గరిటె నిలువుగా గుచ్చితే ఒరగక నిలిచేదాకా కలపాలి. ఈ గరిటె సంగతి అమ్మగారు నాకు చెప్పనే లేదు. అది చెప్పవలసిన విషయమని ఆమెకు తోచి ఉండదు. నేను గడప ఇవతల కూర్చుని వ్రాసుకున్నాను గాని, లోపలికి వెళ్ళి చూడలేదు.

నైవేద్యానికి వండేదానిని ముందుగా రుచి చూడరాదన్న నియమం పాఠకులకు తెలిసినదే. కొందరు దీనిని మూఢాచారం అంటారు. మన వంటను కాపాడినది ఈ నియమమేనని నా అభిప్రాయం. నాలుకను ఆశ్రయించరాదు కనుక, కట్టుచారుకు ఉప్పు ఎంతో అరచేతి గుంటకు తెలియాలి, చింతపండు పులుసు పచ్చివాసన పోయినది ముక్కుకు తెలియాలి, పోపు వేగినది చెవికి తెలియాలి. ఇవన్నీ ఏటికి ఒకటి రెండు మార్లు, పెద్దల ఎదుట చేస్తేనే అబ్బుతాయి.

ఇప్పుడు పిల్లలు బెంగుళూరులోనో హైదరాబాదులోనో ఉంటూ, పండుగ ఉదయం బస్సు దిగి నేరుగా విస్తరి ముందు కూర్చుంటున్నారు. ఒక రోజు ముందుగా రమ్మనండి. మగపిల్లలైనా సరే, ఆలయాల వంటశాలలలో వండేది పురుషులే కదా! తొలి ఏడు పప్పు ఏరనివ్వండి, మరుసటి ఏడు పూర్ణం రుబ్బనివ్వండి. ఫోనులో చిత్రం తీసుకుంటామంటే వద్దనకండి. అయితే పూర్ణం ముదిరే కొద్దీ గరిటె చేతికి బరువవుతుంది, అది ఫోనులో కనబడదు.

నా ధర్మపత్నికి ఇప్పుడు చేతులు వణుకుతున్నాయి. నిరుడు ఆమె పీట మీద కూర్చుని చూస్తూ ఉండగా మా మనుమడు పూర్ణం కలిపాడు. గరిటె గుచ్చితే ఒరిగినది. “ఇంకొంచెం, నాయనా” అన్నది. మళ్ళీ ఒరిగినది. మూడవసారి నిలిచినది. నివేదన, భోజనాలు అయిన తరువాత వాడు అటక మీది నోటుపుస్తకం దింపి, ‘ఏలకులు పది’ అన్న పంక్తి క్రింద గరిటె సంగతి వ్రాసి తేదీ వేశాడు. రెండు అక్షరదోషాలు ఉన్నాయి. నేను దిద్దలేదు.