స్వదేశపు కారు ఏది?

గత సంవత్సరము మా పదవ తరగతిలో అర్థశాస్త్ర పాఠము జరుగుచుండగా ఒక విద్యార్థి లేచి, "మాస్టరుగారూ, మా మేనమామగారు అమెరికాలో మిషిగన్ రాష్ట్రమున ఉద్యోగము చేయుచున్నారు. వారు టయోటా కారు కొన్నారట. ప్రక్కయింటి వృద్ధుడు అది చూచి, 'మా ఊరివారి కూడు జపానుకు పంపితిరి' అనెనట. అట్లు కొనుట తప్పా?" అని అడిగెను. మేము వెంటనే ఉత్తరము చెప్పలేకపోతిమి. విదేశపు బట్టలను తగులబెట్టి ఖద్దరు కట్టిన పెద్దల దేశములో పుట్టినవారమగుటచే ఆ వృద్ధుని మాట మాకు తేలికగా తోచలేదు. విచారింపగా చిక్కు మేమనుకొన్నదానికంటె పెద్దదని తెలిసినది.

ముందుగా ఆయన ఏల అట్లనెనో గ్రహింపవలెను. మిషిగన్‌లోని డిట్రాయిటు నగరము అమెరికా మోటారు పరిశ్రమకు పుట్టినిల్లు. 1914లో హెన్రీ ఫోర్డు తన కర్మాగారములో ఎనిమిది గంటల పనికి దినమునకు 5 డాలర్లు ఇత్తునని ప్రకటించెను. పూర్వపు కూలికి అది దాదాపు రెట్టింపు. కాని యజమాని దయ వేరు, కార్మికుని హక్కు వేరు. ఆ హక్కు కొరకు 1935లో మోటారు కార్మికుల ఐక్య సంఘము ఏర్పడెను. 1936 డిసెంబరు 30న ఫ్లింటు పట్టణములో జనరల్ మోటార్సు కార్మికులు పని మానిరి. కాని బయటకు పోక యంత్రముల ప్రక్కనే కూర్చుండిరి. బయటకు పోయినచో వారి స్థానమున వేరొకరిని పెట్టుకొందురుగదా! నడి చలికాలములో 44 దినములు అట్లే యుండి సంఘమునకు గుర్తింపు సంపాదించిరి. 1950 నాటి ఒడంబడికతో పింఛను, వైద్య సహాయము సమకూడెను. పెద్ద చదువు లేని కార్మికుడు సైతము సొంత ఇల్లు కొనుక్కొని బిడ్డలను కళాశాలకు పంపగలిగెను. ఆ వృద్ధుడు చెప్పిన కూడు ఇట్టిది.

1973లోను, 1979లోను చమురు ధర పెరుగగానే జనులు తక్కువ చమురు త్రాగు చిన్న కార్లను వెదకిరి. డిట్రాయిటువారి వద్ద మంచివి లేవు. జపానువారి వద్ద ఉండెను. లక్షలమంది పని పోగొట్టుకొనిరి. 1981లో అమెరికా ప్రభుత్వము ఒత్తిడి చేయగా జపాను తన ఎగుమతిని ఏటికి 16,80,000 కార్లకు పరిమితము చేసికొనెను. సరకు తగ్గినచో ధర పెరుగుననుట మన సంతలో కూరగాయలమ్ము అవ్వకు కూడ తెలియును. కార్ల వెల పెరిగెను. జపాను సంస్థలు ఆ లాభముతోపాటు మరియొక ఉపాయమును కనుగొనిరి. ఓడలో పంపరాదన్నచో అక్కడనే చేయుదమని, హోండావారు 1982లో ఒహాయో రాష్ట్రమునందును, టయోటావారు 1988లో కెంటకీయందును కార్లు తయారుచేయ మొదలిడిరి.

ఈ మధ్యకాలమునందలి ద్వేషమును మఱచి ముందుకు సాగరాదు. 1982 జూనులో డిట్రాయిటు ప్రాంతమున విన్సెంటు చిన్ అను 27 ఏండ్ల యువకుని ఇద్దరు తెల్లవారు బంతియాట కర్రతో కొట్టి చంపిరి. వారు మోటారు పరిశ్రమలో పనిచేసినవారు. "మీవలననే మాకు పనులు పోయినవి" అని వారిలో ఒకడు అనగా వింటినని ఒక సాక్షి చెప్పెను. చిన్ జపానువాడు కూడ కాడు. చైనానుండి చిన్ననాడే వచ్చి డిట్రాయిటులో పెరిగినవాడు. నేరస్థులకు మూడేండ్ల నిఘాయు, 3,000 డాలర్ల జుల్మానాయు మాత్రమే విధింపబడినవి. కారుపై కోపము మనిషి ముఖముపైకి మరలుటకు ఎంతో కాలము పట్టదు.

ఇక మాకు మిక్కిలి ఆశ్చర్యము కలిగించిన సంగతి. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంటులో జనరల్ మోటార్సుకు ఒక కర్మాగారముండెను. అచ్చట పనివారు తరచు పనికి రారు, జగడములు మెండు, కార్లు నాసిరకము. 1982లో దానిని మూసివేసిరి. "సంఘమువారు చెడగొట్టిరి" అని పలువురు తీర్పు చెప్పిరి. 1984లో అదే సంస్థ టయోటాతో పొత్తు కలిసి దానిని మరల తెరచెను. పనివారిలో అత్యధికులు పూర్వపువారే, సంఘమును అదియే. మారినది పని నడుపు పద్ధతి. మునుపు తప్పు కనబడినను వరుస ఆగరాదు. బండి ముందుకు పోవలసినదే, తరువాత బాగుచేసికొనవచ్చును. ఇప్పుడో, ప్రతి కార్మికుని దగ్గర ఒక త్రాడు వ్రేలాడుచుండెను. తప్పు కనబడినచో దానిని లాగవలెను. మేస్త్రి పరుగెత్తి వచ్చి తిట్టుటకు మారుగా సహాయము చేయును. అప్పటికిని కుదరనిచో వరుస ఆగును. కొందరు కార్మికులు జపానుకు పోయి ఈ విధానమును నేర్చివచ్చిరి. కొలది కాలములోనే ఆ కార్లు అమెరికాలో చేసిన మేలైన కార్లలో చేరెను. పని చెడుటకు పనివాని సోమరితనమే కారణమని తీర్పు చెప్పుటకు ముందు ఫ్రీమాంటును ఒకసారి తలచుకొనవలెను.

అచ్చటనే వేరొక వింత. ఒకే వరుసలో, అవే చేతులతో చేసిన, దాదాపు ఒకే విధమైన రెండు కార్లకు వేరువేరు పేళ్లు పెట్టి అమ్మిరి: ఒకటి అమెరికా పేరుతో జియో ప్రిజమ్, రెండవది టయోటా కరోలా. జనులు కరోలాకే ఎక్కువ వెల ఇచ్చిరి! వీనిలో స్వదేశపుది ఏది?

పేరు చూచి చెప్పలేము. కావుననే 1992లో చేసిన ఒక శాసనము ప్రకారము అమెరికాలో ప్రతి క్రొత్త కారుపైనను అది ఎచ్చట కూర్పబడినదో, దాని భాగములలో నూటికెన్ని అమెరికా కెనడాలవో చూపు చీటి అంటింపవలెను. కెనడాను కూడ స్వదేశముగానే లెక్కించుట గమనింపదగినది. మరియొక గుర్తు కలదు. ప్రతి కారునకును 17 అక్షరముల సంఖ్య యుండును. మొదటిది 1, 4, 5లలో ఒకటైనచో అది అమెరికాలో చేసినది. 2 కెనడా, 3 మెక్సికో.

సంస్థలు పొరుగు దేశమునకు ఏల పోవుచున్నవి? కూలి తక్కువయని అందురు. అది సగము నిజము. కారు లోపలి విద్యుత్తు తీగల కట్టలు అల్లుట ఎక్కువగా చేతిపని. అది కూలి తక్కువయున్న మెక్సికో వంటి చోట్లకు పోవును. కాని పూర్తియైన కారు బరువైనది, ఓడకూలి ఎక్కువ, సుంకములు ఎక్కువ. అందుచేత కొనువారి దగ్గరనే చేయుట మేలు. మన పెనుకొండ దగ్గర కొరియావారి కియా కర్మాగారము 2019లో కార్లు చేయ మొదలిడుట ఇందులకు సాక్ష్యము. కొరియా పేరు, రాయలసీమ చేతులు!

అయినను కూలి మాట మిగిలియున్నది. టయోటా, హోండావారు అమెరికాలో తాము స్వంతముగా కట్టిన కార్ల కర్మాగారములలో సంఘము ప్రవేశింపలేదు. 1979లో 15 లక్షలమందియున్న ఐక్య సంఘములో నేడు 4 లక్షలమందియైనను లేరు. కాని 2023లో ఆ సంఘము మూడు డిట్రాయిటు సంస్థలపై ఆరు వారములు సమ్మె చేసి, ఒప్పంద కాలములో నూటికి 25 వంతుల పెంపు సాధింపగా, సంఘమే లేని టయోటా, హోండావారు కూడ వెంటనే తమ పనివారి కూలి పెంచిరి. సంఘములో చేరనివాడును దాని నీడను అనుభవించెను.

ఈ సంగతులన్నియు ఆ విద్యార్థి తన మేనమామకు వ్రాసెను. వారు తమ క్యామ్రీ కారు సంఖ్య చూడగా మొదటిది 4, కెంటకీలో చేసినది. వృద్ధుని ఫోర్డు ఫ్యూజన్ సంఖ్య చూడగా మొదటిది 3, మెక్సికోలో చేసినది. వృద్ధుడు కొంతసేపు మాటాడక, "సరే బాబూ, కాని మీ కెంటకీవారికి సంఘమున్నదా?" అని అడిగెనట. లేదని మేనమామ చెప్పెను. "నాది మెక్సికోది, నీది సంఘము లేనిది. ఇద్దరమును ఒక్కటే" అని నవ్వి, ఆయన లోపలికి పిలిచి కాఫీ ఇచ్చెనట.