‘చెప్పమ్మా’ అనేవాళ్ళు లేనిచోట

మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి ఒకరోజు మధ్యాహ్నం టిఫిన్ బాక్సు మూత కూడా తీయకుండా నా పక్కన కూర్చుని, "అక్కా, ఇందులో నేనేం తప్పు మాట్లాడానో చూడు" అంటూ ఫోన్ నా చేతిలో పెట్టింది. పైథాన్‌లో ఒక పెద్ద ఫైలు చదివించే పని తెగక ముందురోజు రాత్రి నెట్‌లో సాయం అడిగింది. ముక్కూ మొహం తెలియని ఒక పెద్దాయన ఓపిగ్గా జవాబిచ్చాడు. దానికింద ఈ పిల్ల రాసింది: ‘ఐ హావ్ ఎ డౌట్ ఇన్ యువర్ ఆన్సర్. ప్లీజ్ డూ ద నీడ్‌ఫుల్.’ నా జవాబు మీద అనుమానం ఉంటే మీరే రన్ చేసి చూసుకోండి అని అటునుంచి ఒక్క ముక్క వచ్చింది. ఆ తర్వాత ఆయన పలకలేదు.

ఆమె కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. సాయం చేసిన మనిషిని నేనెందుకు అనుమానిస్తానక్కా అంటుంది.

నిజమే, అనుమానించలేదు. మన బడిలో, కాలేజీలో, అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో డౌట్ అంటే అడగాల్సిన ప్రశ్న. పాఠం అయ్యాక "డౌట్స్ ఏమైనా ఉన్నాయా?" అనని మాస్టారు ఉండరు. తెలుగులో సందేహం అన్న మాటే ఈ రెండు పనులూ చేస్తుంది. సందేహం తీర్చండి అన్నా, వాడి మాట మీద సందేహంగా ఉంది అన్నా మాట ఒకటే, అర్థాలు వేరు. ఆ అలవాటునే మనం ఇంగ్లీషులోకి తీసుకెళ్ళాం. అమెరికాలోనో ఇంగ్లండులోనో పుట్టి పెరిగినవాడికి మాత్రం డౌట్ అనగానే మొదట వినిపించేది అపనమ్మకం. ఇది మన ఒక్కళ్ళ ఇబ్బంది కాదు. స్పానిష్‌లో ‘దూదా’, పోర్చుగీసులో దాని తోబుట్టువు లాంటి మాట అచ్చంగా మన సందేహంలాగే రెండర్థాల్లోనూ నడుస్తాయి. అందుకే మెక్సికో వాళ్ళూ బ్రెజిల్ వాళ్ళూ కూడా ఇంగ్లీషులో ఇదే మాట అని, ఇదే దెబ్బ తింటుంటారు.

అయితే నాకు ఆ మాటకంటే పెద్ద లోటు ఇంకొకటి కనిపించింది. "ఇంతకీ నీ డౌట్ ఏంటి?" అని అడిగాను. పిల్ల నిమిషంలో చెప్పేసింది. ఫైలును ముక్కలు ముక్కలుగా చదవమని ఆయన పైథాన్ లైబ్రరీ పాండాస్‌లోని చంక్‌సైజ్ వాడమన్నాడు. వాడింది. కానీ చదివిన ముక్కలన్నిటినీ ఒక లిస్టులో పోగేసి, చివర్లో మళ్ళీ ఒకటిగా అతికించింది. అంతా కలిసి మెమరీలోకి వచ్చి కూర్చుంటే ముక్కలు చేసిన ఫలితం ఏముంది? ప్రోగ్రామ్ మళ్ళీ మెమరీ ఎర్రర్‌తో ఆగిపోయింది. ‘అతికించాలా, వద్దా?’ అన్నదే ఆమె ప్రశ్న. చక్కని ప్రశ్న. అది ఆమె రాసిన రెండు వాక్యాల్లో ఎక్కడా లేదు.

ఎందుకు లేదంటే, క్లాసులో మనం అలా అడగం. చెయ్యెత్తి "డౌట్ సార్" అంటాం. సారు పాఠం ఆపి, మనవైపు తిరిగి, "చెప్పమ్మా" అంటారు. అప్పుడు లేచి అడుగుతాం. ‘డౌట్ ఉంది’ అన్నది ప్రశ్నే కాదు, ప్రశ్న అడగడానికి అనుమతి కోరడం. నెట్‌లో ‘చెప్పమ్మా’ అనేవాళ్ళు ఉండరు. అటువైపు మనిషి తన ఉద్యోగం అయ్యాక, జీతం లేకుండా, వేరే దేశంలో, వేరే వేళలో ఇది చదువుతాడు. అనుమతి కోసం పంపిన మాట అక్కడికి అసంపూర్ణంగానే చేరుతుంది.

‘డూ ద నీడ్‌ఫుల్’ సంగతీ చెప్పాలి. అది ఒకప్పుడు ఇంగ్లండులో వాళ్ళు బాగా వాడిన మాటే. అక్కడ పాతబడింది, మన ఆఫీసుల్లో మిగిలిపోయింది. ‘తగు చర్య తీసుకోవలసిందిగా ప్రార్థన’ అని అర్జీ రాసి పెరిగిన మనకు అందులో వినయమే వినిపిస్తుంది. ఊరికే సాయం చేసేవాడికి మాత్రం అదొక ఆర్డరులా తోస్తుంది, పైగా ఏం చేయాలో చెప్పని ఆర్డరు. ఇంతకంటే ప్రమాదకరమైనది ‘ప్లీజ్ రివర్ట్’. మన మెయిల్స్‌లో దానికి అర్థం జవాబివ్వమని. కోడ్‌లో మార్పుల లెక్క ఉంచే గిట్ వాడేవాళ్ళకు రివర్ట్ అంటే చేసిన మార్పును వెనక్కి తీసేయడం, ఆ పేరుతో ఒక కమాండే ఉంది. ఎవరో కొత్తగా కలిపిన కోడ్ కింద ‘ప్లీజ్ రివర్ట్’ అని రాస్తే, నీ పని తీసిపారెయ్ అన్నట్టు చదువుకున్నా వాళ్ళ తప్పు కాదు.

తెలుగులో మర్యాద క్రియ చివర ఉంటుంది. ‘చెప్పు’కు ‘అండి’ చేరిస్తే చాలు, మనిషి నిలబడి నమస్కారం పెట్టినట్టే. ఇంగ్లీషులో ఆ ‘అండి’ ఊడిపోతుంది. అది ఊడిందన్న బెంగతో సార్, కైండ్లీ, హంబుల్ రిక్వెస్ట్ అంటూ నాలుగు వరుసలు పేరుస్తాం. అడగాల్సింది అయిదో వరుసకు జారిపోతుంది. చదివేది సారో మేడమో కూడా మనకు తెలియదు. ప్రోగ్రామర్లు ప్రశ్నలడిగే స్టాక్ ఓవర్‌ఫ్లో సైటు అయితే పలకరింపులూ కృతజ్ఞతలూ ప్రశ్నలో రాయవద్దనే చెబుతుంది. ఆ పేజీ పదేళ్ళ తర్వాత ఇంకెవరికో ఇదే ఎర్రర్ వచ్చినప్పుడు పనికిరావాలని వాళ్ళ ఆలోచన. ఎవరైనా మన నమస్కారాన్ని కొట్టేస్తే మనల్ని కొట్టినట్టు కాదు.

చిన్న మాటల దగ్గరే ఇంకో చిక్కు. ‘డజంట్ ఇట్ వర్క్?’ అని అడుగుతారు. మనం యెస్ అంటాం. పనిచేయట్లేదా అంటే అవును, చేయట్లేదు అనడం మన పద్ధతి. ఆ యెస్ విని వాళ్ళు పనిచేస్తోందనుకుని వెళ్ళిపోతారు. ఇలాంటి చోట యెస్, నో రెండూ వదిలేసి, ఇంకా అదే ఎర్రర్ వస్తోంది అని పూర్తి వాక్యం రాయడం నేను నేర్చుకున్నాను. అటునుంచి ‘వాట్ ఆర్ యూ ట్రయింగ్ టు డూ?’ అని వస్తే మన చెవికి ‘అసలు నువ్వేం చేద్దామనుకుంటున్నావ్?’ అన్న గద్దింపులా ఉంటుంది. చాలాసార్లు అది గద్దింపు కాదు. మనం ఎంచుకున్న దారి గురించి కాకుండా చేరాలనుకున్న చోటు గురించి అడుగుతున్నారు, దగ్గరి దారి చూపించడానికి.

ఇదంతా మన ఇంగ్లీషు తక్కువదని ఒప్పుకోవడానికి చెప్పడం లేదు. పుట్టుకతో ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళకే ఈ తిప్పలున్నాయి. ఒక విషయాన్ని ‘టేబుల్’ చేయడమంటే బ్రిటన్‌లో వెంటనే చర్చకు తీసుకోవడం, అమెరికాలో పక్కన పెట్టేయడం. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఈ ఒక్క మాట మీద రెండు దేశాల అధికారులూ చాలాసేపు వాదులాడుకున్నారని చర్చిల్ తన యుద్ధ చరిత్రలో రాశాడు. జవాబిచ్చేవాళ్ళకూ బాధ్యత ఉంది. కొత్తవాళ్ళు తమ దగ్గర ఆదరణ లేదని బాధపడుతున్నారని స్టాక్ ఓవర్‌ఫ్లో సంస్థే 2018లో బహిరంగంగా ఒప్పుకుంది. ‘డౌట్ అంటే ఏ విషయంలో?’ అని ఆ పెద్దాయన ఒక్కమాట అడిగి ఉంటే మా అమ్మాయికి ఆ రాత్రి నిద్ర పట్టేది. కానీ ఆయన్ని మార్చడం మన చేతిలో లేదు. మన ప్రశ్న మన చేతిలో ఉంది.

నేను ఆమెకు లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసిన లైనస్ టోర్వాల్డ్స్ సంగతి చెప్పాను. ఫిన్లాండులో స్వీడిష్ మాట్లాడే ఇంట్లో పుట్టినవాడు, ఇంగ్లీషు అతని ఇంటి భాష కాదు. 1991 జులైలో, లైనక్స్‌కు ఇంకా ఆ పేరైనా పెట్టకముందు, మినిక్స్ అనే మరో సిస్టమ్ వాడేవాళ్ళను నెట్‌లో ఒక సాయం అడిగాడు. ఒక ప్రాజెక్టు చేస్తున్నానన్నాడు, ఆపరేటింగ్ సిస్టమ్‌ల కోసం రాసిన పాసిక్స్ ప్రమాణాల తాజా ప్రతి కావాలన్నాడు, కంప్యూటర్‌లో చదువుకునే రూపంలో దొరికితే మంచిదన్నాడు. ఎందుకు, ఏది, ఏ రూపంలో అన్నవి మూడూ నాలుగు ముక్కల్లో వచ్చేశాయి. పలుకుబళ్ళ మీద ఆధారపడిందేమీ అందులో లేదు.

ఆ మధ్యాహ్నం ఇద్దరం కూర్చుని ప్రశ్న తిరగరాశాం. ఆమె ‘12 లాక్ రోస్’ అని టైప్ చేసి ఆగింది. లక్ష అంటే బయటివాళ్ళకు తెలుస్తుందా అక్కా అంది. నేను చెప్పకుండానే తట్టింది. 1.2 మిలియన్ అని మార్చింది. కామాలు మనవాళ్ళలా 12,00,000 అని పెడితే కూడా తికమకే. మెషీన్‌లో ర్యామ్ ఎంతో, పైథాన్ ఏ వెర్షనో రాసింది. రెండొందల వరుసల ప్రోగ్రామును కోసి కోసి పదకొండు వరుసలకు తెచ్చింది, ఆ పదకొండూ రన్ చేస్తే అదే ఎర్రర్ వచ్చేలా. ఎర్రర్ చివరి వరుసను ఫొటో తీయకుండా అక్షరాల్లోనే పెట్టింది. చివర తన ప్రశ్న: ముక్కల్ని అతికించకుండా దేనికది లెక్క కట్టి మొత్తాలు మాత్రం కలుపుకోవచ్చా? పాత జవాబు కింద కూడా ఒక వాక్యం పెట్టింది. మీ మాట మీద అపనమ్మకం కాదు, మా దగ్గర డౌట్ అంటే ప్రశ్న అని. ఆ వాక్యం రాయడానికే ఎక్కువసేపు పట్టింది, సారీ పెట్టాలా వద్దా అని రెండుసార్లు చెరిపింది. వద్దన్నాను. తప్పు చేయలేదు కదా, అర్థం చెబుతోంది అంతే.

సాయంత్రానికి ఆ పెద్దాయనే జవాబిచ్చాడు. కలుపుకోవచ్చు, అదే సరైన పద్ధతి అని, ఎలాగో ఆరు వరుసల కోడ్ రాసి మరీ పెట్టాడు.

మొన్న ఆమె కంప్యూటర్ ముందు నుంచి వెళ్తూ చూశాను. బ్రెజిల్ నుంచి ఎవరో కుర్రాడు డౌట్ ఉందని ఒకే ఒక్క వాక్యం రాసి వదిలేశాడు. దానికింద ఈమె టైప్ చేస్తోంది: చెప్పండి, ఏ లైన్ దగ్గర?